అమ్మ మోసిన బరువులు

మా అమ్మ 2022 మే నెలలో న్యూజెర్సీ వచ్చింది. అమెరికా రావటం ఆమెకి అది నాలుగోసారి. వచ్చిన ప్రతిసారీ మేము "ఈసారి నయాగరా తప్పకుండా చూపిస్తాం" అనటం, ఆమె "నా మోకాళ్ళతో అంతసేపు కార్లో కూచోలేనురా, పిల్లల్ని తీసుకుని మీరెళ్ళి రండి" అనటం మామూలైపోయింది. మన ఇళ్ళల్లో అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి కదా! పాపం, వయసు మీద పడుతోంది అనుకుని ఊరుకున్నాను.

ఇంకా కొన్ని ఉన్నాయి, అప్పుడు పట్టించుకోనివి. బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్తే ప్రదక్షిణలు చెయ్యకుండా ఒక పక్కన కుర్చీలో కూచునేది. షాపింగుకి వెళ్తే ముందు బాత్‌రూం ఎక్కడో చూసుకునేది. మూడేళ్ళ మనవడు "నాయనమ్మా, ఎత్తుకో" అని చేతులు చాపితే, తనే కింద కూచుని వాణ్ణి ఒళ్ళోకి లాక్కునేది తప్ప ఎత్తుకునేది కాదు. నేను కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసినవాణ్ణి. ఎక్కడెక్కడి కంపెనీల్లోనో సిస్టమ్ ఎందుకు ఆగిపోతోందో కనిపెట్టి చెప్పటానికి ఇరవై ఏళ్ళుగా జీతం తీసుకుంటున్నాను. ఇంట్లో ఇన్ని సూచనలు కనిపిస్తుంటే నాకు ఒక్కటీ అర్థం కాలేదు.

అర్థమయింది మా ఆవిడకి. ఒకరోజు బట్టలు మడత పెడుతుంటే అమ్మ పెట్టెలో పాత చీరలు చింపి కుట్టిన గుడ్డముక్కలు కనిపించాయట. అరవై ఆరేళ్ళ మనిషికి ఇవెందుకని మెల్లగా అడిగింది. అమ్మ మొదట కోప్పడింది. తరవాత ఏడ్చింది. ఆ తరవాత చెప్పింది. గర్భసంచి జారిందట, పదకొండేళ్ళ నుంచీ ఇలాగే ఉందట. పొద్దున కాస్త నయంగా ఉండి, సాయంత్రానికి కిందికి దిగి బయటికి తగులుతుందట. ఒంటికి పోయివచ్చినా ఇంకా మిగిలినట్టే ఉంటుందట. దగ్గినా తుమ్మినా చీర తడుస్తుందట. "అబ్బాయికి మాత్రం చెప్పొద్దమ్మాయ్" అని ఒట్టు వేయించుకుంది.

మా ఆవిడ ఆ ఒట్టుని రెండు రోజులు మోసి, మూడోరోజు రాత్రి పిల్లలు పడుకున్నాక గట్టు మీద పెట్టింది. "మీకు చెప్పకుండా ఇన్సూరెన్సూ అపాయింట్‌మెంటూ నేనొక్కదాన్నే చూడలేను. పైగా ఇందులో దాచాల్సింది ఏముంది?" అంది. నిజానికి నాకు ఏమనాలో తోచలేదు. అమ్మకి బీపీ ఎంతో, షుగరు ఎంతో తారీఖులతో సహా చెప్పగలను. ఈ మాట మాత్రం మా ఇంట్లో ఎప్పుడూ వినలేదు. మర్నాడు క్లినిక్‌కి ఫోన్ చేసినప్పుడు "సమస్య ఏమిటి?" అని అడిగితే నా గొంతు పెగల్లేదు. అమ్మ మొహమాటం నాకూ వచ్చిందన్నమాట.

విజిటర్ ఇన్సూరెన్సు పాత జబ్బులకి పనికిరాదన్నారు. సరే, చేతి డబ్బే పెట్టుకుందామని వెళ్ళాం. అక్కడ నేను దుబాసీగా కూచుందామనుకుంటే నర్సు ఒప్పుకోలేదు. ఇలాంటి విషయాలు కొడుకు ముందు మాట్లాడించటం సరికాదని చెప్పి, నన్ను బయట కూచోబెట్టి, ఫోన్లో తెలుగు దుబాసీని పిలిచింది. లోపల జరిగింది మా ఆవిడ చెబితే తెలిసింది. ఫోన్లో ఆవిడెవరో శుద్ధమైన తెలుగులో "మీకు గర్భాశయ స్థానభ్రంశం కలిగినదని వైద్యురాలు చెబుతున్నారు" అందట. అమ్మ హడలిపోయి, "భ్రంశమా! అదేం రోగమమ్మా? నాకు సంచి జారిందంతే!" అందట. ఆ చివరావిడ కూడా నవ్వేసి, "అదేనండీ, అదే" అందట. పదకొండేళ్ళ తరవాత అమ్మ ఆ సంగతి మాట్లాడుతూ నవ్వటం అదే మొదలు.

డాక్టరుగారు బొమ్మ గీసి చూపించారు. ఆ కాగితం ఇప్పటికీ మా దగ్గర ఉంది. నడుము ఎముకల గూడులో ముందు మూత్రాశయం, మధ్యలో గర్భసంచి, వెనక పెద్దపేగు చివరి భాగం ఉంటాయి. వీటికి పైనుంచి తాళ్ళలాంటి బంధాలు, కింద ఉయ్యాల గుడ్డలాగా పరుచుకున్న కండరాలు ఆధారం. ఉయ్యాల వదులై, తాళ్ళు సాగితే గర్భసంచి కిందికి జారుతుంది. ఒక్కోసారి మూత్రాశయాన్నీ వెంట లాక్కొస్తుంది. దీన్ని నాలుగు దశలుగా చూస్తారు. అమ్మది మూడోది. ఇది కాన్సర్ కాదు, అంటుకునే జబ్బు కాదు, ఎవరి పాపమూ కాదు.

అరుదైనదీ కాదు. అమెరికాలో 50 నుంచి 79 ఏళ్ళ మధ్య స్త్రీలను పరీక్షించి 2002లో ప్రచురించిన 'ఉమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్' ఫలితాల్లో, గర్భసంచి ఉన్నవారిలో నూటికి 14 మందికి అది ఎంతో కొంత జారి ఉంది. వారిలో చాలామందిది బాధ పెట్టని తొలి దశే. అయినా, మన అసోసియేషన్ దీపావళి ఫంక్షన్‌లో ముందు వరసల్లో కూచునే పెద్దవాళ్ళని ఒకసారి తలుచుకుంటే ఆ లెక్క ఏమిటో అర్థమవుతుంది.

"ఎందుకొచ్చింది?" అని నేను అడిగాను. అడగటంలో నా స్వార్థం ఉంది. ముగ్గురిలో నేను చివరివాణ్ణి. 1979లో తెనాలి దగ్గర మా ఊళ్ళో, ఇంట్లోనే, మంత్రసాని చేతిలో పుట్టాను. అమ్మ రెండు రోజులు నొప్పులు పడిందనీ, పిల్లాడు గుమ్మడికాయలా ఉన్నాడనీ మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవారు. చిన్నప్పుడు ఆ కథ వింటే నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు అది వేరేగా వినిపించింది. డాక్టరుగారు నా మొహం చూసి, ఏ ఒక్క కారణమూ చెప్పలేమన్నారు. మూడు కాన్పులు, వాటి తరవాత లేని విశ్రాంతి, ముట్లు ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గి కండరాలూ బంధాలూ పలచబడటం, ఏళ్ళ తరబడి దగ్గు, మలబద్ధకం, బరువులెత్తటం... అన్నీ కలిసి వస్తాయట. కొందరికి పుట్టుకతోనే బంధాలు మెత్తగా ఉంటాయట. అమ్మని అడిగితే, "నిన్ను కన్న పదిహేనో రోజున చెరువు నుంచి బిందె ఎత్తుకొచ్చాను. ఎవరు తెస్తారు మరి?" అంది, కూర ధర చెప్పినంత మామూలుగా.

మరి పదకొండేళ్ళు ఎందుకు దాచింది? సిగ్గు ఒక్కటే కాదు. 2011లో పక్కింటి పిన్నిని తోడు తీసుకుని, నాన్నకి కూడా చెప్పకుండా, ఒక నర్సింగ్‌హోంకి వెళ్ళిందట. అక్కడ రెండు నిమిషాలు చూసి, "సంచి తీసెయ్యాలి, రేపు డబ్బు కట్టి చేరిపోండి" అన్నారట. వేరే దారి ఉందా, తీయించుకుంటే ఏమవుతుంది, ఎన్నాళ్ళు పడుకోవాలి... ఒక్క ప్రశ్నకీ జవాబు రాలేదు. భయపడి బస్సెక్కి ఇంటికొచ్చేసింది. ఆ భయాన్ని నేను తప్పుపట్టలేను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది. ఇటు తొందరపడి తీసెయ్యటం, అటు అవసరమైనా భయపడి దాచటం. మన ఆడవాళ్ళు ఈ రెండింటి మధ్యా నలిగిపోతున్నారు.

వైద్యం మెట్లు మెట్లుగా ఉంటుందని మాకు ఆరోజే తెలిసింది. మొదటి మెట్టు వ్యాయామం. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ డాక్టరు ప్రచారంలోకి తెచ్చారు కాబట్టి వీటిని కెగెల్ వ్యాయామాలంటారు. మూత్రాన్నీ, గ్యాసునీ ఆపుకోవటానికి ఏ కండరాలు బిగిస్తామో వాటినే లోపలికి, పైకి బిగించి, అయిదు నుంచి పది సెకన్లు ఉంచి, అంతసేపూ వదిలెయ్యాలి. ఇలా పదిసార్లు, రోజుకి మూడు పూటలు. ఊపిరి బిగబట్టకూడదు, పొట్టా తొడలూ బిగించకూడదు, మూత్రానికి కూచున్నప్పుడు అలవాటుగా చెయ్యకూడదు. తొలి దశల్లో ఉన్నవాళ్ళు నేర్పే మనిషి దగ్గర కనీసం నాలుగు నెలలు చెయ్యాలని బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. బాగా జారినదాన్ని వ్యాయామం వెనక్కి తీసుకురాలేదు కానీ, ఆ బాధల్ని తగ్గించటానికీ, ఆపరేషన్ తరవాత కండరాలకీ పనికొస్తుంది.

ఇంట్లో ఇంత జరుగుతుంటే పన్నెండేళ్ళ మా అమ్మాయి ఊరుకుంటుందా? "నాయనమ్మకి ఏమయింది?" అని అడిగింది. నేను నీళ్ళు నమిలాను. మా ఆవిడ ఆ బొమ్మ కాగితమే తీసి, అయిదు నిమిషాల్లో చెప్పేసింది. పిల్ల "ఓకే" అని వెళ్ళి, రంగు పెన్సిళ్ళతో చార్టు గీసి ఫ్రిజ్ మీద అంటించింది. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని మూడు గళ్ళు. నాయనమ్మ చేసినప్పుడల్లా ఒక నక్షత్రం. నాలుగు దశాబ్దాల్లో నేను నేర్చుకోలేనిది ఆ పిల్లకి అయిదు నిమిషాల్లో వచ్చేసింది. మనం ఇబ్బందిగా చెబితేనే పిల్లలకి ఇబ్బంది.

రెండో మెట్టు పెస్సరీ. మెత్తటి సిలికాన్‌తో చేసిన ఉంగరంలాంటిది. మనిషికి సరిపడే సైజు చూసి డాక్టరు లోపల అమరుస్తారు. అది గర్భసంచి జారకుండా ఆపుతుంది. కోత లేదు, మత్తు లేదు. దాన్ని అప్పుడప్పుడు తీసి, కడిగి, లోపల ఒరుసుకుందేమో చూడాలి. సొంతంగా తీసిపెట్టుకోలేనివాళ్ళు మూడు నుంచి ఆరు నెలలకోసారి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మర్చిపోయి ఏళ్ళ తరబడి వదిలేస్తే పుండు పడుతుంది. పల్లెల్లో "రింగు పెట్టించుకుంది" అని మా నాయనమ్మల కాలంలో అనుకునేవారట. అంటే మనకీ కొత్త కాదు, మనమే మర్చిపోయాం.

అమ్మకి మొదటి సైజు నిలవలేదు. రెండోది కుదిరింది. క్లినిక్‌లోనే అటూ ఇటూ నడిపించారు, దగ్గించారు, బాత్‌రూంకి పంపించారు. బయటికొచ్చి కార్లో కూచున్నాక ఏమీ మాట్లాడలేదు. ఇల్లు వస్తుండగా, "ఇంత చిన్నదానికా నేను పదకొండేళ్ళు..." అని ఆగిపోయింది. నేను రోడ్డు మీంచి కళ్ళు తిప్పలేదు. తిప్పితే ఇద్దరం ఏడుస్తామని తెలుసు.

సెప్టెంబరులో నయాగరా వెళ్ళాం. దాదాపు ఏడు గంటల ప్రయాణం. మధ్యలో రెండుసార్లే ఆగమంది, అందులో ఒకటి కాఫీకి! ఆ నీలం రంగు ప్లాస్టిక్ కోటు వేసుకుని పడవ ముందు భాగంలో నిలబడి, మొహం మీద పడుతున్న జల్లు తుడుచుకోకుండా అలాగే చూసింది. మోకాళ్ళ సంగతి ఎవరమూ ఎత్తలేదు.

అక్టోబరులో తిరుగు ప్రయాణం. ఉంగరంతో హాయిగానే ఉంది కానీ, ఊళ్ళో దాన్ని చూసే మనిషి దొరకటం కష్టమని అమ్మ దిగులు. ఆపరేషన్ చేయించుకుంటానని తనే అంది. మేము తొందర పెట్టలేదు. గుంటూరులో ఒక ఆసుపత్రిలో డాక్టరమ్మగారు అరగంట కూచోబెట్టి అన్నీ చెప్పారు. సంచి తీసెయ్యటం ఒక్కటే మార్గం కాదు. దాన్ని ఉంచి, పైకి కట్టి నిలబెట్టే ఆపరేషన్లు ఉన్నాయి. బొంబాయిలో పనిచేసిన శిరోద్కర్, పురందరే వంటి మన వైద్యులే అలాంటివి గత శతాబ్దంలో రూపొందించారు, ముఖ్యంగా ఇంకా పిల్లలు కావాలనుకునే చిన్న వయసువాళ్ళ కోసం. తీసేసినా, పైభాగాన్ని గట్టి బంధాలకి కుట్టి, ముందూ వెనకా గోడల్ని సరిచెయ్యాలి. ఊరికే సంచి తీసి వదిలేస్తే మళ్ళీ జారే ప్రమాదం ఉంది. కిందినుంచి అమర్చే వల, అంటే మెష్, గురించి నేను అడిగాను. దానివల్ల చాలామందికి నొప్పి, ఒరిపిడి వచ్చాయని, ఈ సమస్య కోసం కిందినుంచి వేసే మెష్ అమ్మకాల్ని 2019 ఏప్రిల్‌లో అమెరికా ఎఫ్‌డీఏ ఆపించిందని, తను వాడనని చెప్పారు. పొట్ట దారిలో వేసే మెష్ పద్ధతి వేరే, అది ఇంకా వాడుకలో ఉంది. అమ్మ అంతా విని, కిందినుంచి సంచి తీసి, కుట్లతో సరిచేసే పద్ధతి ఎంచుకుంది. తన ఒంటి గురించి తను నిర్ణయం తీసుకోవటం నేను చూడటం అదే మొదటిసారి.

2023 ఫిబ్రవరిలో ఆపరేషన్. నేను నెలన్నర ఉండేలా వెళ్ళాను. పగలు అమ్మ దగ్గర, రాత్రి అమెరికా టైములో ఆఫీసు పని. వెన్నులో మత్తు ఇచ్చి చేశారు, పొట్ట మీద కోత లేదు. రెండో రోజు మూత్రం గొట్టం తీశారు, నాలుగోరోజు ఇంటికి పంపారు. రాసిచ్చిన జాగ్రత్తలు ఇవి. ఆరు వారాలు బరువులెత్తకూడదు. మలబద్ధకం రాకుండా నీళ్ళు, పళ్ళు, కూరలు, అవసరమైతే మందు. రోజూ కొంచెం కొంచెం నడక. గొంతుక్కూచోవటం వద్దు. దగ్గు వస్తే వెంటనే మందు. జ్వరం వచ్చినా, ఎక్కువగా రక్తం పోయినా, దుర్వాసన వచ్చినా, మూత్రం రాకపోయినా, కాలు వాచి నొప్పి పుట్టినా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి రావాలి. కాగితం మీద ఆరు లైన్లే, అమలు చెయ్యటం మాత్రం మహాయజ్ఞం.

పన్నెండోరోజు పొద్దున నేను రాత్రి పని ముగించి పడుకుని లేచేసరికి, అమ్మ పెరట్లో గేదె దగ్గరికి కుడితి బకెట్టు మోసుకుపోతోంది! గట్టిగా అరిచాను. "ఇదేం బరువురా, సగమే ఉంది" అంది. అప్పుడు గుర్తొచ్చింది, ఇండియా ప్రయాణాల్లో మనందరి దగ్గరా ఉండే సాధనం. సూట్‌కేసు 23 కిలోలు దాటకుండా చూసుకునే చేతి తూనిక! అది తీసుకొచ్చి కొక్కేనికి బకెట్టు తగిలించాను. తొమ్మిది కిలోలు. ఇక ఊరుకోలేకపోయాను. ఇంట్లో ఉన్నవన్నీ తూచాను. నీళ్ళ బిందె పదహారు కిలోలు. తడిబట్టల బకెట్టు పదకొండు. నిండు కుడితి బకెట్టు పద్దెనిమిది. వంటింట్లోకి దొర్లించి, ఎత్తి నిలబెట్టే నిండు గ్యాస్ బండ ముప్ఫై కిలోలకి దగ్గర. ఎయిర్‌పోర్టులో ఒక్క సూట్‌కేసు బెల్టు మీద పెట్టటానికి నడుము పట్టుకునే నేను, ఆ లెక్క కాగితం మీద రాశాను. రోజుకి ఎన్నిసార్లో కూడా పక్కన రాశాను. యాభై ఏళ్ళు అని రాయటానికి చెయ్యి రాలేదు.

ఆ కాగితం నాన్నకి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. ఏమీ అనలేదు. సాయంత్రం నా పక్కన మంచం మీద కూచుని, "తెలుసురా నాకు, ఏదో బాధ పడుతోందని. అడగటానికి నోరు రాలేదు" అన్నారు. ఆయన్ని ఏమనగలను? ఆయన కొడుకుని నేను. మర్నాటి నుంచి కుడితి రెండు సగాలుగా ఆయనే మోశారు. తరవాత గేదెని అమ్మేశారు. నేను వంటింట్లోకి కుళాయి వేయించాను. గ్యాస్ బండ తెచ్చిన కుర్రాడే బిగించి వెళ్ళేలా ఏర్పాటు చేశాం. అమ్మ ఆపరేషన్ ఒకటిన్నర గంటలో అయిపోయింది కానీ, ఆమె కోలుకున్నది మా ఇల్లు మారటం వల్ల. ఆ రెండో వైద్యం ఏ సర్జనూ చెయ్యలేరు, మనమే చెయ్యాలి.

ఇప్పుడు అమ్మ బాగుంది. వ్యాయామం మానలేదు. మళ్ళీ జారే అవకాశం కొంత ఉంటుందని డాక్టరమ్మగారు ముందే చెప్పారు కాబట్టి జాగ్రత్తగా ఉంటోంది. మొన్నామధ్య ఫోన్లో, "మన వీధిలో ఇద్దరిని తీసుకెళ్ళి చూపించాను. ఒకామెకి ఉంగరంతోనే సరిపోయింది" అంది. వాళ్ళకి ఎలా చెప్పావమ్మా అంటే, "ఏముంది, నా సంగతి చెప్పాను. అప్పుడు వాళ్ళూ చెప్పారు" అంది. ఈ వ్యాసం రాస్తానంటే కూడా, "రాయి, ఎవరికైనా పనికొస్తుంది" అని తనే ఒప్పుకుంది.

ఆ చేతి తూనిక నేను వెనక్కి తెచ్చుకోలేదు, నాన్న దగ్గరే ఉంచేశాను. దాని ఫలితంగా తిరుగు ప్రయాణంలో నా పెట్టె రెండు కిలోలు ఎక్కువ తూగి, హైదరాబాదు ఎయిర్‌పోర్టులో నలుగురి ముందూ ఆవకాయ సీసాలు బయటికి తియ్యాల్సి వచ్చింది!

ఈ సంచిక మీ చేతికి వచ్చాక, ఆదివారం ఇంటికి ఫోన్ చేస్తారు కదా. బీపీ మాత్ర వేసుకున్నావా అని ఎలాగూ అడుగుతాం. ఈసారి ఇంకో మాట కూడా అడగండి. "అమ్మా, నీళ్ళు ఎవరు మోస్తున్నారు? కింద ఏమైనా బరువుగా, జారినట్టుగా ఉంటోందా?" కూతుళ్ళే కాదు, కొడుకులూ అడగండి. మొదటిసారి "ఏంటా మాటలు!" అని కసురుతుంది. రెండోసారి మాట మారుస్తుంది. మూడోసారి చెబుతుంది.